మాటలు వినకపోయినా మనిషి దొరుకుతాడు

అమెరికా నిఘా సంస్థకు కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన రహస్య పత్రాల్లో మొదట, 2013 జూన్‌లో, పత్రికకెక్కింది ఒక కోర్టు ఉత్తర్వు. వెరిజాన్ టెలిఫోన్ కంపెనీ తన ఖాతాదారుల కాల్ రికార్డులన్నీ ఏ రోజుకారోజు అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు అప్పజెప్పాలన్నది దాని సారాంశం. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఎవరి మాటలూ వినడం లేదు, ఏ నంబరు నుంచి ఏ నంబరుకు ఎప్పుడు ఎంతసేపు అన్నంతవరకే తీసుకుంటున్నామని ప్రభుత్వం సర్దిచెప్పింది.

ఆ 'అంతవరకే' అన్నచోటే అసలు సంగతంతా ఉంది. మాటలు వినాలంటే ఒక మనిషి కూర్చోవాలి, భాష తెలియాలి, యాస అర్థం కావాలి. కాల్ రికార్డుకు అవేవీ అక్కర్లేదు. అది అంకెల పట్టిక. కోట్ల వరుసలున్నా కంప్యూటర్ ఇట్టే గాలించేస్తుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తమంతట తాము ముందుకొచ్చిన కొన్ని వందల మంది కాల్ రికార్డులు తీసి చూశారు. ఒకరి ఫోన్‌లో గుండె వైద్యులతో, ఒక ల్యాబుతో, మందుల షాపుతో, గుండె లయను గమనించే పరికరానికి సంబంధించిన హెల్ప్‌లైన్‌తో కాల్స్ నడిచాయి. ఆ మనిషి జబ్బేమిటో తెలియడానికి ఒక్క మాటా వినాల్సిన పని లేకపోయింది.

ఇక టవర్ల సంగతి. కాల్ చేయకపోయినా ఫోను దగ్గర్లోని టవర్‌తో సంబంధం పెట్టుకునే ఉంటుంది. లేకపోతే మనకొచ్చే కాల్ మనల్ని చేరదు. 2013లో ఒక పరిశోధక బృందం 15 లక్షల మంది మొబైల్ డేటాను పేర్లు తీసేసి పరిశీలించింది. ఏ గంటలో ఏ టవర్ పరిధిలో ఉన్నారన్న సమాచారం నాలుగంటే నాలుగు సందర్భాలకు దొరికితే చాలు, నూటికి 95 మందిని మిగతా అందరి నుంచి వేరుచేసి పట్టుకోవచ్చని తేలింది. పేరు చెరిపేసినంత మాత్రాన మనిషి దాగడన్నమాట.

ఎన్‌ఎస్‌ఏ తాను సేకరించిన కాల్ రికార్డులను గొలుసుకట్టుగా వెతికేది. అనుమానితుడితో మాట్లాడినవాళ్లు, వాళ్లతో మాట్లాడినవాళ్లు, మళ్లీ వాళ్లతో మాట్లాడినవాళ్లు. ఒక్కొక్కరు కొత్తగా వంద మందితో మాట్లాడతారనుకుంటే మొదటి అంచెలో 100, రెండో అంచెలో 10,000, మూడో అంచెలో 10 లక్షల మంది. ఒక్క అనుమానితుడి వెనక ఒక నగరమే లెక్కలోకి వచ్చేస్తుంది. 2014లో దీన్ని రెండు అంచెలకు కుదించారు.

గడ్డివాములో సూది దొరకాలంటే ముందు గడ్డివాము చేతిలో ఉండాలన్నది అధికారుల వాదన. మరి సూది దొరికిందా? అమెరికా ప్రభుత్వమే నియమించిన గోప్యతా పర్యవేక్షణ బోర్డు రహస్య ఫైళ్లు తిరగేసి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమెరికాకు ముప్పున్న ఏ కేసులోనూ ఈ పథకం వల్ల ఫలితం మారిన దాఖలా ఒక్కటీ కనిపించలేదని రాసింది. అంతవరకు తెలియని అనుమానితుడు దొరికింది ఒకే ఒక్క కేసులో. అతను సోమాలియాలోని ఉగ్రవాద ముఠాకు డబ్బు పంపిన టాక్సీ డ్రైవర్, దాడి పన్నాగంలో ఉన్నవాడు కాదు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఈ మూకుమ్మడి సేకరణను ఆపేసింది.

అలాగని నిఘాయే వద్దనడం నా ఉద్దేశం కాదు. 2008లో ముంబైపై దాడి సాగుతుండగానే ఉగ్రవాదులకు సరిహద్దు అవతలి నుంచి అందుతున్న ఆదేశాలను మన ఏజెన్సీలు ఫోన్లో పట్టుకున్నాయి. కోర్టులో అవి బలమైన సాక్ష్యాలయ్యాయి. అక్కడ విన్నది దాడిలో ఉన్నవాళ్ల ఫోన్లను, ఊరందరివీ కాదు. ఈ తేడాను వదిలేసి భద్రత కావాలా, గోప్యత కావాలా అని అడగడమే తప్పు.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. అయినా ఫోన్ ట్యాపింగ్‌కు అనుమతిచ్చేది హోం శాఖ కార్యదర్శి, దాన్ని సమీక్షించే కమిటీలోనూ అధికారులే. మావోయిస్టుల కదలికలపై కన్నేసి ఉంచాల్సిన విభాగం ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నదన్న ఆరోపణపై 2024లో తెలంగాణలో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. అందులో నిజమెంతో కోర్టు తేలుస్తుంది. ఈలోగా చట్టంలో రెండు మార్పులు రావాలి. ట్యాపింగ్‌కు ముందు న్యాయమూర్తి సంతకం ఉండాలి. దర్యాప్తుకు ఇక ముప్పు లేదనుకున్నాక, ఫలానా రోజుల్లో మీ ఫోన్ విన్నామని ఆ మనిషికి తెలియజేయాలి. జర్మనీ చట్టంలో ఈ రెండోది దశాబ్దాలుగా ఉంది.