నాలుగు ఓముల స్పీకర్లకు ఏ యాంప్ కొనాలి?

మా బావమరిది పోయిన చలికాలంలో ప్రిన్స్‌టన్ వెళ్ళి సెకండ్‌హ్యాండ్‌లో మాగ్నెపాన్ 1.7ఐ స్పీకర్లు కొనుక్కొచ్చాడు. ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు, రెండంగుళాల మందం. ఎడిసన్‌లోని వాళ్ళ టౌన్‌హౌస్ హాల్లో నిలబెడితే, "తలుపులు ఊడదీసుకొచ్చావా?" అంది వాళ్ళావిడ. టీవీ కింద ఉన్న పాత రిసీవర్‌కే తగిలించాడు. ఇళయరాజా పాటలు మెల్లగా పెట్టినంతసేపు బాగానే ఉంది. యెల్లా వెంకటేశ్వరరావు గారి మృదంగం పెట్టి వాల్యూమ్ పెంచేసరికి రిసీవర్ టక్కుమని ఆగిపోయింది. "స్పీకర్లు పాడైపోయినట్టున్నాయి బావా, మోసపోయాను" అని ఫోన్ చేశాడు. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివిన పాపానికి చుట్టాలందరి ఇళ్ళలో వైర్లన్నీ నా నెత్తినే పడతాయి.

స్పీకర్లకు ఏమీ కాలేదు. రిసీవర్ డబ్బా మీద ఛానెల్‌కు 90 వాట్లు అని ఉంది. అది 8 ఓముల లెక్క. ఈ స్పీకర్లు 4 ఓములవి. ఓమ్ అంటే కరెంటుకు స్పీకరు పెట్టే అడ్డుకు కొలత. అడ్డు సగమైతే అదే వోల్టేజికి కరెంటు రెట్టింపు లాగుతుంది. రిసీవర్‌లో ఏడు ఛానెళ్ళకూ కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్, చిన్న హీట్‌సింక్. ట్రాన్సిస్టర్లు వేడెక్కి కాలిపోకముందే లోపలి రక్షణ సర్క్యూట్ కట్టేసింది. అది చెడిపోవడం కాదు, తన పని తాను చేయడం.

రెండో సంగతి సెన్సిటివిటీ. స్పీకర్‌కు 2.83 వోల్టులు ఇచ్చి మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో కొలుస్తారు. 1.7ఐకి కంపెనీ చెప్పే అంకె 86 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెంచాలంటే పవర్ రెట్టింపు కావాలి, పది పెంచాలంటే పది రెట్లు. వాళ్ళ సోఫా స్పీకర్లకు పది అడుగుల దూరంలో ఉంది. దూరానికి పోయేది పోగా, రెండు స్పీకర్లూ గోడలూ కలిసి తిరిగి ఇచ్చేది కలుపుకుంటే, ఆ 2.83 వోల్టులకు సోఫా దగ్గర సుమారు 82 వస్తుందనుకుందాం. మృదంగం దెబ్బ 98 దాకా ఎగరాలంటే ఇంకో 16 కావాలి. అంటే దాదాపు 18 వోల్టులు, 80 వాట్లు, నాలుగున్నర ఆంపియర్లు. అదే 8 ఓములైతే రెండుంబావు ఆంపియర్లతో సరిపోయేది. కాస్త వెసులుబాటు ఉంచుకుంటే 4 ఓముల దగ్గర 150 నుంచి 200 వాట్లిచ్చే యాంప్ చాలు. వెయ్యి వాట్ల భూతం అక్కర్లేదు.

మాగ్నెపాన్‌ను నేను మెచ్చుకునేది దాని నిజాయితీకి. 3ఎంలో ఇంజినీరుగా పనిచేసిన జిమ్ వైనీ 1969లో మిన్నెసోటాలో పెట్టిన కంపెనీ అది. 4 ఓములంటే ఇంచుమించు అన్ని స్వరాల దగ్గరా నాలుగే. పెట్టె స్పీకర్లు అలా కాదు. కెఫ్ ఎల్ఎస్50 కాగితం మీద 8 ఓములు, కానీ కనిష్ఠం 3.2 అని పక్కనే కంపెనీయే రాసింది. 1980లలో వచ్చిన అపోజీ సింటిల్లా అయితే ఒక్క ఓముకు దిగి మంచి మంచి యాంపులకే చెమటలు పట్టించింది. అందుకే స్పీకర్ కొనేటప్పుడు ఆ కనిష్ఠ అంకె అడగండి.

మేమంతా ఉండే ఎడిసన్ ఊరికి ఈ గొడవతో పాత చుట్టరికమే ఉంది. ఇక్కడి మెన్లో పార్క్‌లోనే థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేశాడు. దానికి యాంపే లేదు, సూది కదలికే శబ్దం. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది మీద ఫెర్రీలో ఆఫీసుకు వెళుతూ చేతిలోని న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లెక్క గీశాడు. బయటికి వచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి లోపలికి వచ్చేదానితో పోల్చి తప్పు దిద్దుకోవడం. స్పీకర్ ఎంత మొండికేసినా యాంప్ దాన్ని అదుపులో పెట్టగలుగుతోందంటే చాలావరకు ఆ ఉపాయం వల్లే. అదే బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ 1947లో పుట్టిన ముర్రే హిల్ కూడా మాకు అరగంట డ్రైవే.

ఇక కొనడం. అమెరికాలో వాట్ల ప్రచారానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన పెట్టింది, 2024లో దాన్ని ఇంకా బిగించింది. అయితే ఆ కొలత 8 ఓములకే. 4 ఓముల సంగతి మాన్యువల్‌లో మీరే వెతుక్కోవాలి. 8కి 100, 4కి 200 ఉంటే పవర్ సప్లై బలమైనది. 160 ఉన్నా ఫరవాలేదు. 4 ఓముల అంకే కనబడకపోతే ఆ యాంప్ జోలికి పోకండి.

పాతరకం క్లాస్ ఏబీ యాంప్‌లో ఇంత బలం కావాలంటే ఇరవై కిలోల పైచిలుకు ఇనుము. మేడ మీదికి మోయాలి, ఆ వేడిని భరించాలి. మా వాడికి నేను చెప్పింది క్లాస్ డీ, అంటే ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా ఆన్-ఆఫ్ చేస్తూ వేడి తగ్గించే రకం. పాతకాపులు ఈ పేరు వింటేనే ముఖం చిట్లిస్తారు, అది పదిహేనేళ్ళనాటి అభిప్రాయం. నెదర్లాండ్స్‌కు చెందిన హైపెక్స్ వాళ్ళ ఎన్‌సీ252ఎంపీ మాడ్యూల్ 4 ఓములకు ఛానెల్‌కు 250 వాట్లిస్తుంది. అది పెట్టిన యాంప్‌ను ఒక చేత్తో ఎత్తొచ్చు. రిసీవర్ వెనక, సిగ్నల్‌ను బయటి యాంప్‌కు పంపే ప్రీ-అవుట్ సాకెట్లు ఉన్నాయి కాబట్టి దాన్ని పారేయలేదు. వాల్యూమ్, టీవీ పనులు దానికి, మోత పని కొత్త యాంప్‌కు. ఇప్పుడు మృదంగం ఎడమవైపు తొప్పి మీద అరచెయ్యి జరిపినప్పుడు వంగే మంద్రనాదం సోఫా దాకా తెగకుండా వస్తోంది. ఖర్చు, స్పీకర్లకు పెట్టినదానికన్నా తక్కువే.

రేపోమాపో ఇండియా వెళ్ళిపోయే ఆలోచన ఉన్నవాళ్ళు యాంప్ వెనక ప్లేటు చదివి మరీ కొనండి. 100–240 వోల్టులు అని ఉంటే అక్కడ ప్లగ్గు మారిస్తే చాలు. ఒట్టి 120 అని ఉంటే మాత్రం హైదరాబాద్‌లో 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకండి.