చెలక దుమ్ము, కారు ఊపిరి

మోటారు కారు పెట్రోలుతో నడుస్తుందని అందరికీ తెలుసు. కాని అది తాగే పెట్రోలుకంటె పీల్చే గాలి ఎన్నో రెట్లు ఎక్కువన్న సంగతి చాలామంది గమనించరు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకు ఒకింత తక్కువ. ఆ లెక్కన ఒక్క లీటరు ఖర్చయ్యేసరికి ఇంజనులోకి దాదాపు 11 కిలోల గాలి పోతుంది. ఘనపరిమాణంలో ఇది 9,000 లీటర్లకు పైమాటే. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు 10,000 కిలోమీటర్లు తిరిగేలోగా సుమారు 6,000 ఘనపు మీటర్ల గాలిని పీల్చి వదులుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదులు రెండు వందల పైచిలుకు ఖాళీ చేసినంత గాలి అది.

ఆ గాలి ఎక్కడిదన్నదే అసలు ప్రశ్న. హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారిపై కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి వద్ద కృష్ణానది వంతెన మీదుగా సాగిపోయే కారుకు ఈ ప్రశ్న అంతగా తగలదు. అదే కారు రహదారి దిగి గద్వాల నడిగడ్డ పల్లెల వైపో, వనపర్తి చుట్టుపక్కల ఊళ్ళకో, నాగర్‌కర్నూలు నుంచి అచ్చంపేట దిక్కుకో మళ్ళితే సంగతి వేరు. యాసంగి పల్లికాయ పీకే రోజులలో ట్రాక్టరు వెనుక పడిన కారుకు రెండు గజాల దూరంలో ఏమున్నదీ కనిపించదు. స్థానికులు దుబ్బ అనే ఆ మెత్తని మన్ను అద్దాల సందుల నుంచి కూడా లోపలికి వస్తుంది. ఇంజను పీల్చేది ఆ గాలినే.

దుమ్ము అంతా ఒక్కటి కాదు. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో ఎర్రచెలక నేలలు విస్తారం. ఇవి నల్లగుండు రాయి, అనగా గ్రానైటు, వేల ఏండ్లపాటు ఎండకూ వానకూ చివికి ఏర్పడినవి. గ్రానైటులోని ఫెల్‌స్పారు క్రమంగా బంకమన్నుగా మారిపోతుంది. క్వార్ట్జు మాత్రం మారదు, చిన్న చిన్న రేణువులుగా విరిగి ఇసుకలో నిలిచిపోతుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్దలో క్వార్ట్జుకు 7వ స్థానం. సిలిండరు చేయడానికి వాడే పోత ఇనుము దానికంటె చాలా మెత్తన. ఇక గద్వాల, అలంపురం వైపు కనిపించే నల్లరేగడి స్వభావం మరొక రకం. దానిలో రెండు మైక్రాన్ల కంటె సన్నని బంకమన్ను రేణువులు మెండు. అవి లోహాన్ని అంతగా కోయవు గాని, వడపోత రంధ్రాలను త్వరగా పూడ్చివేస్తాయి. ఒక నేల అరగదీస్తుంది, ఒకటి ఊపిరి బిగబడుతుంది. ఈ మూడు జిల్లాలలో తిరిగే బండికి రెండూ తప్పవు.

ఇంజనులో పిస్టను రింగులకూ సిలిండరు గోడకూ మధ్య నూనె పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. 5 నుంచి 20 మైక్రాన్ల పరిమాణం గల క్వార్ట్జు రేణువు ఆ నూనె పొరలో చిక్కుకుంటే, రెండు వైపులా ఆనుకొని ఉలి వలె గీస్తుంది. అంతకంటె పెద్దవి వడపోతలోనే ఆగిపోతాయి, మరీ సన్ననివి నూనె పొరలో తేలి పోతాయి. కాబట్టి హాని ఎక్కువగా ఈ నడిమి రేణువులది. కారు వెంటనే ఆగిపోదు. ముందు నూనె కొంచెం కొంచెం తగ్గుతుంది. తరువాత పొగగొట్టం నుంచి నీలిరంగు పొగ వస్తుంది. చివరకు మెకానిక్ చూసి ‘ఇంజను బోరుకు వచ్చింది’ అంటాడు. అద్దె కారు మీద బ్రతికే కుటుంబానికి ఆ మాట పంట పోయినంత మాట.

ఈ మధ్య విడిభాగాల దుకాణాలలో మామూలు కాగితపు ఏర్ ఫిల్టరు పక్కనే మరొక రకం కనిపిస్తున్నది. దాని ధర కాగితం ధరకు కొన్ని రెట్లు. ఎర్ర నూనెలో తడిపిన నూలు వల, చుట్టూ రబ్బరు అంచు. గాలి ధారాళంగా పోతుందనీ, వేగమూ మైలేజీ పెరుగుతాయనీ, కడిగి ఎన్నేండ్లయినా వాడుకోవచ్చుననీ చెబుతారు. గద్వాలలో అద్దె కారు నడిపే యువకునికి ఈ మాటలు ఆకర్షణీయంగా ఉండడంలో వింత లేదు. వాటిలో కొంత నిజమున్నది. ఎంత నిజం, ఏ నేలపై నిజం అన్నది చూడాలి.

వడపోతను చాలామంది పిండి జల్లెడ వంటిదని అనుకుంటారు. అది పొరపాటు. కాగితపు వడపోతలోని పీచుల మధ్య సందులు అది పట్టుకునే రేణువులలో చాలావాటికంటె పెద్దవి. గాలి ఆ పీచుల నడుమ వంకర టింకరగా తిరిగి పోతుంది. బరువైన రేణువు ఆ మలుపు తిరగలేక, వేగంగా వచ్చిన లారీ మూలమలుపులో రోడ్డు దిగిపోయినట్లు, తిన్నగా పోయి పీచుకు తగులుతుంది. నడిమి రేణువు మలుపు తిరుగుతూనే పీచును ఒరుసుకొని అతుక్కుంటుంది. అతి సూక్ష్మమైన రేణువును గాలి అణువులు అటూ ఇటూ తన్నుతూ ఉండడంతో, అది తడబడుతూ పోయి ఏదో ఒక పీచుకు తగలక మానదు. వింత ఏమంటే, కొంత దుమ్ము పట్టిన వడపోత కొత్తదానికంటె బాగా పనిచేస్తుంది. పట్టిన దుమ్మే మరొక వడపోత అవుతుంది.

కాగితాన్ని మడతలు మడతలుగా పెట్టడంలోనూ లెక్క ఉన్నది. 25 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు గల పలకలో 4 సెంటీమీటర్ల లోతైన మడతలు 50 ఉన్నాయనుకొందాం. పలక వైశాల్యం 450 చదరపు సెంటీమీటర్లు. విప్పి పరచిన కాగితం వైశాల్యం 7,200 చదరపు సెంటీమీటర్లు, అంటే 16 రెట్లు. వైశాల్యం పెరిగిన కొద్దీ ఒక్కొక్క చదరపు సెంటీమీటరు గుండా గాలి నెమ్మదిగా పోతుంది, దుమ్ము నిలవడానికి చోటు కూడా పెరుగుతుంది.

నూలు వల పద్ధతి వేరు. నాలుగైదు పొరల పలుచని నూలు బట్టను తీగ వలల మధ్య ఉంచి నూనె పట్టిస్తారు. రేణువును పట్టేది ముఖ్యంగా ఆ జిగట. ఈ ఊహ కొత్తది కాదు. పాత ట్రాక్టర్లలో, లారీలలో వాడిన నూనె గిన్నె వాయుశోధకం దీనికి పెద్దన్న వంటిది. అందులో గాలి నూనె మీదుగా తిరిగి, నూనెతో తడిసిన తీగ పీచు గుండా పోయేది. గిన్నె విప్పితే అడుగున బురద కనిపించేది. రైతు ఆ బురద తీసి, నూనె మార్చి మళ్ళీ బిగించేవాడు. ఈనాటి ట్రాక్టర్లలో అనేకం గాలిని ముందుగా సుడి తిప్పి ముతక దుమ్మును విడదీసి, ఆపైన కాగితం గుండా పంపుతున్నాయి. దుమ్ములోనే బ్రతికే యంత్రం చివరకు కాగితాన్ని నమ్ముకొన్నదన్న మాట.

ఈ రెండింటినీ తూచడానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటున్నది. దాని పేరు ఐ.ఎస్.ఓ. 5011. అమెరికాలోని ఆరిజోనా ఎడారి మన్నును కొలత ప్రకారం మరపట్టి, తెలిసిన పరిమాణంలో గాలిలో కలిపి, వడపోత గుండా పంపి, ఆవలికి ఎంత వచ్చిందో తూచి చూస్తారు. ఈ పద్ధతి ప్రకారం 2004లో అమెరికాలో ఒక డీజెలు పికప్ బండికి సరిపోయే పలు రకాల వడపోతలను పరీక్షించారు. కంపెనీ కాగితం 99.93 శాతం దుమ్మును ఆపింది. నూనె నూలు రకం ఆపినది 96.80 శాతం.

రెండూ నూటికి తొంభై ఆరు పైనే గదా, తేడా ఎంత అనిపించవచ్చు. ఆపిన దుమ్మును చూస్తే అట్లాగే తోస్తుంది. కాని ఇంజనును అరగదీసేది ఆగిన దుమ్ము కాదు, దాటిపోయినది. కాగితాన్ని దాటినది 0.07 శాతం. నూలును దాటినది 3.20 శాతం. అంటే దాదాపు 45 రెట్లు. పల్లె బాటల మీద ఘనపు మీటరు గాలికి సగటున 5 మిల్లీగ్రాముల దుమ్ము ఉన్నదనుకొందాం. పైన చెప్పిన 6,000 ఘనపు మీటర్లలో అది 30 గ్రాములవుతుంది. కాగితం గుండా అందులో 21 మిల్లీగ్రాములు, నూలు గుండా సుమారు ఒక గ్రాము లోపలికి పోతాయి. అన్ని కాగితాలూ ఒకే విధంగా ఉండవు, అన్ని నూలు వలలూ ఒకే విధంగా ఉండవు. అయినా లెక్క కట్టవలసిన తీరు ఇదే. శుభ్రమైన తారు రోడ్డు మీద 30 గ్రాముల స్థానంలో ఒక గ్రాము కూడా ఉండకపోవచ్చు. అక్కడ ఈ భేదానికి విలువ తగ్గుతుంది. ఎర్రచెలకలో పెరుగుతుంది.

ఇక ధారాళంగా వచ్చే గాలి మాట. మంచి స్థితిలోని కాగితపు వడపోత, ఇంజను పూర్తి శక్తితో తిరిగేటప్పుడు, గాలి పీడనాన్ని ఒకటి రెండు కిలోపాస్కళ్ళ మేరకు తగ్గించవచ్చు. వాతావరణ పీడనం సముద్రమట్టం వద్ద 101 కిలోపాస్కళ్ళు. కాబట్టి వడపోతను పూర్తిగా తీసివేసినా దక్కే లాభం నూటికి ఒకటో రెండో. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమికి ఎక్కే కారు, పైకి పోయిన ప్రతి వంద మీటర్లకూ సుమారు ఒక కిలోపాస్కల్ పీడనం పోగొట్టుకుంటుంది. మన్ననూరు ఘాటు ఎక్కినందుకు ఎవరూ కొత్త ఫిల్టరు కొనరు గదా! పైగా పెట్రోలు కారు మామూలుగా నడిచేటప్పుడు డ్రైవరు కాలు కింది యాక్సిలరేటరుకు కలిపిన థ్రాటిల్ మూతే గాలిని చాలావరకు అడ్డుకొని ఉంటుంది. సగం మూసిన తలుపు ముందు కిటికీ పెద్దదైతే ఏమి, చిన్నదైతే ఏమి?

ఈ పీడనాన్ని కొలవడం కష్టమైన పని కాదు. పారదర్శకమైన గొట్టాన్ని యు ఆకారంలో వంచి రంగునీళ్ళు పోసి, ఒక కొసను వడపోత తరువాతి గొట్టానికి కలిపితే చాలు. 10 సెంటీమీటర్ల నీటి మట్టం తేడా ఒక కిలోపాస్కల్‌కు సమానం. వనపర్తి రాజభవనంలో 1959లో వెలసిన పాలిటెక్నిక్ వంటి చోట విద్యార్థులు ఒక్క పూటలో చేయదగిన ప్రయోగమిది.

కొందరు అసలు పెట్టెనే తీసివేసి, శంఖం వంటి వడపోతను బానెట్టు కింద బాహాటంగా బిగిస్తారు. ఇంజను గర్జన పెరుగుతుంది, శక్తి పెరిగినట్లు చెవులకు తోస్తుంది. కాని కంపెనీ పెట్టె గాలిని బయటి నుంచి తెచ్చుకుంటుంది. శంఖం ఇంజను వేడిగాలినే పీలుస్తుంది. ఎండాకాలం బయట 42 డిగ్రీలున్నప్పుడు బానెట్టు కింద 65 డిగ్రీలు ఉన్నదనుకొంటే, ఆ గాలి సాంద్రత సుమారు 7 శాతం తక్కువ. వడపోత వలన వచ్చిన ఒక శాతం పోగా, ఇంకా నష్టమే.

మైలేజీ విషయం 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల తేల్చింది. కంప్యూటరు ఇంజెక్షను గల కార్లలో వడపోత బాగా పూడుకొనిపోయినా పెట్రోలు ఖర్చు చెప్పుకోదగినంత పెరగలేదు. కంప్యూటరు తగ్గిన గాలికి సరిపడా పెట్రోలును తగ్గిస్తుంది. దెబ్బ తినేది పరుగు అందుకొనే వేగం. పాత కార్బ్యురేటరు బండ్లలో మాత్రం పెట్రోలు ఖర్చులో కొంత తేడా కనిపించింది. వడపోత మార్చి మైలేజీ సంపాదించాలన్న మాట ఆ కాలానికి చెందినది.

నూలు వలను నిందించవలసిన పని లేదు. తారు ట్రాకు మీద పందేలకు, ప్రతి పందెం తరువాత ఇంజను విప్పి చూసే జట్లకు అది తగిన వస్తువే. అక్కడ ఒక శాతం శక్తికి విలువ ఉన్నది, ఇంజను ఆయుష్షుకు అంత లేదు. పల్లె బాటల మీద దానికి పోషణ కష్టం. కడిగి నీడన ఆరబెట్టాలి, నూనె సమంగా పట్టించాలి. ఆరబెట్టేటప్పుడే దుమ్ము పడుతుంది. నూనె తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే నూనె తుంపర కొట్టుకొనిపోయి, చాలా డీజెలు కార్లలోను కొన్ని పెట్రోలు కార్లలోను గాలిని కొలిచే వేడి తీగపై పేరుకుంటుంది. అప్పుడు కంప్యూటరుకు తప్పుడు లెక్క అందుతుంది.

కాగితానికీ ఒక ఆపద ఉన్నది. పంక్చరు దుకాణంలో గాలి గొట్టంతో దానిని కొట్టించడం వాడుక. బలమైన గాలి పీచుల నడుమ కంటికి కనిపించని చీలికలు చేస్తుంది. పైకి తెల్లబడిన వడపోత లోపల చిల్లులు పడి ఉండవచ్చు. కారుతో వచ్చే పుస్తకంలో దుమ్ము బాటలకు విడిగా, తక్కువ గడువు రాసి ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో తిరిగేవారు చూడవలసినది ఆ గడువునే. పూడుకున్నదాన్ని ఊదించి నెట్టుకురావడంకంటె మార్చడం చౌక.

ఏ రకం కొన్నా పెట్టె అంచు సరిగా అతుక్కోకపోతే అంతా వృథా. రబ్బరు అంచు ఒక వెంట్రుకంత సందు వదిలినా గాలి కాగితంతో పని లేకుండా ఆ దారినే పోతుంది. దీనికి ఇంట్లోనే పరీక్ష ఉన్నది. ఇంజను చల్లారిన తరువాత వడపోతను తీసి, ఇంజను వైపు పోయే గొట్టం లోపలి గోడను శుభ్రమైన తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డ తెల్లగా వస్తే వడపోత, అంచు రెండూ బాగున్నట్లు. ఎర్రని చార గాని, గరగరలాడే బూడిదరంగు పొడి గాని కనిపిస్తే, చెలక మన్ను అప్పటికే సిలిండరు దాకా చేరుతున్నదని తెలుసుకొని, ఆ రోజే మెకానిక్ వద్దకు పోవాలి.