యూరియా సంచి చిన్నదైన కారణము

రైతులు యూరియాను తూచి వేయుట అరుదు. ఎకరమునకు ఇన్ని సంచులని వేయుట వాడుక. ఈ వాడుకను గమనించియే, వినియోగము తగ్గుటకై, ప్రభుత్వము 2018లో 50 కిలోల సంచిని 45 కిలోలకు తగ్గించినది. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. కనుక సంచికి 23 కిలోలకు బదులు 20.7 కిలోల నత్రజనియే పొలమునకు చేరును. ఎవరిని నిర్బంధించ నక్కరలేదు. సంచుల లెక్క మారకున్న చాలును.

ఇడుపులపాయ, వేంపల్లె వైపు బోర్ల క్రింద చీనీ, అరటి పెట్టిన రైతులకు ఇది ముఖ్యమైన సంగతి. పైరు తీసికొనని నత్రజని నైట్రేటుగా మారి, తడి వెంట భూమిలోనికి దిగి బోరు నీటిలో కలియును. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు త్రాగరాదు. ఆ నీటితో పాలు కలిపి పట్టినచో పసిబిడ్డలకు మరింత ప్రమాదము. కాచినను నైట్రేటు పోదు.

2015 నుండి యూరియాకు వేపనూనె పూత తప్పనిసరియైనది. దీనివలన నత్రజని మెల్లగా విడుదలై వృథా కొంత తగ్గును.

అయితే ధర మాత్రము రైతును ఎదురు దారికి లాగుచున్నది. 2010లో పోషకములను బట్టి సబ్సిడీ ఇచ్చు పద్ధతి వచ్చినపుడు యూరియాను అందు చేర్చలేదు. అది చౌకగనే నిలిచినది, పొటాషు ప్రియమైనది. చౌక గదా యని మరొక సంచి విప్పినచో చిన్న సంచి వలని లాభము పోయినట్లే. భూసార పరీక్షలో తేలిన మోతాదునే రెండు మూడు దఫాలుగా వేయవలెను. డ్రిప్పు ఉన్నవారు నీటితోపాటు కొద్దికొద్దిగా ఇచ్చుట మేలు.