రెక్క చాపే చోటు

తెల్లవారుజామున పుంజు కూస్తుంది. గంప ఎత్తగానే పెట్ట తన పిల్లలను వెంటబెట్టుకొని పెరట్లోకి వస్తుంది. చెత్తకుప్పను కాళ్లతో గీరుతుంది. పురుగు దొరికితే తాను తినకుండా పిల్లలను పిలుస్తుంది. ఎండ ఎక్కాక గోడ నీడన మట్టిలో గుంట చేసుకొని పొర్లుతుంది. ఆకాశంలో గద్ద కనబడితే చాలు, పిల్లలన్నిటినీ రెక్కల కింద దాచుకుంటుంది. గుడ్డు పెట్టే వేళకు ఎవరికీ కనబడని ఒక చాటు మూలను వెదుక్కుంటుంది. హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా పెరటి కోడి తీరు ఒక్కటే.

కాని నేడు మనం తినే గుడ్లలోను, కోడి మాంసంలోను ఎక్కువ భాగం పెరటి నుంచి రావడం లేదు. వేలకొద్దీ, లక్షలకొద్దీ కోళ్లను ఒకే చోట పెంచే ఫారాల నుంచి వస్తున్నది. 2022-23లో మన దేశంలో సుమారు 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయ్యాయి. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలోను, తమిళనాడు రెండో స్థానంలోను, తెలంగాణ మూడో స్థానంలోను నిలిచాయి. తమిళనాడులోని నామక్కల్ పట్టణం గుడ్లకు పెట్టింది పేరు. తమిళనాడు బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు గుడ్డు పెడుతున్నారు. కాబట్టి ఇది ఎక్కడో దూరాన ఉన్న విషయం కాదు. మన కంచంలోని విషయమే.

ఈ మార్పు వల్ల మేలు జరగలేదని అనలేం. ఒకప్పుడు గుడ్డు జబ్బుపడిన వారికో, బాలింతకో దొరికే అపురూపమైన ఆహారం. మేలుజాతి కోళ్లు, సమతుల్యమైన దాణా, టీకాలు వచ్చిన తరువాత అది సామాన్యుడి ఇంటికి చేరింది. తెలుగువాడైన డాక్టర్ బి.వి. రావు వంటి వారు ఈ పరిశ్రమకు దారి చూపారు. రైతులే తమ గుడ్ల ధర నిర్ణయించుకోవాలనే ఆశయంతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. లక్షల కుటుంబాలు ఈ వృత్తి మీద బతుకుతున్నాయి. అయితే గుడ్డు చవక కావడానికి కోడి ఏం చెల్లించవలసి వచ్చింది? ఈ ప్రశ్న కూడా మనం వేసుకోవాలి.

గుడ్లు పెట్టే కోళ్లను లేయర్లు అంటారు. పెద్ద ఫారాల్లో వీటిని వరుసలు వరుసలుగా, ఒకదానిపై ఒకటిగా అమర్చిన ఇనుప తీగల బోనుల్లో ఉంచుతారు. ఒక్కొక్క బోనులో కొన్ని కోళ్లుంటాయి. ఒక్కొక్క కోడికి దక్కే చోటు మనం రాసుకునే ఏ-4 కాగితం కంటే తక్కువ. కోడి రెక్కలు బాగా విప్పి ఆడించాలంటే ఆ కాగితానికి రెండు మూడింతల చోటు కావాలి. బోను అడుగుభాగం ఏటవాలుగా ఉంటుంది. పెట్టిన గుడ్డు దొర్లుకుంటూ ముందుకు వస్తుంది. రెట్ట తీగల సందుల్లోంచి కిందికి పడుతుంది. పనివానికి ఇది సులువు. గుడ్డుకు మురికి అంటదు. కాని ఆ కోడి గీరడానికి నేల లేదు. పొర్లడానికి మట్టి లేదు. గుడ్డు పెట్టడానికి చాటు లేదు. ఏడాదికి పైగా అది తీగల మీదే నిలబడి ఉంటుంది.

పెరట్లోని నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడుతుంది. లేయరు కోడి మూడు వందల దాకా పెడుతుంది. ప్రతి గుడ్డు పెంకుకూ సున్నం కావాలి. దాణాలోని సున్నం చాలనప్పుడు కోడి శరీరం తన ఎముకల నుంచే దానిని తీసి పెంకుకు ఇస్తుంది. తిరగడానికి చోటు లేక ముందే బలహీనపడిన ఎముకలు మరింత పెళుసవుతాయి. ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లగా ఉన్నప్పుడే వాటి ముక్కు కొన కత్తిరిస్తారు. ఆ కొనలో నరాలుంటాయి. కాబట్టి అది గోరు తీసినట్లు కాదు. ఇక లేయరు జాతిలో పుట్టిన మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ అక్కరకు రావు. అందువల్ల వాటిని పుట్టిన రోజే చంపివేస్తారు.

మాంసం కోసం పెంచే బ్రాయిలర్లకు సాధారణంగా బోనులుండవు. వాటిని షెడ్డులో ఊక పరచిన నేల మీద పెంచుతారు. వాటి కష్టం వేరు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1957 నాటి కోళ్ల జాతినీ, 2005 నాటి జాతినీ ఒకే రకం దాణాతో పెంచి, ఫలితాలను 2014లో ప్రచురించారు. యాభై ఆరు రోజులకు పాత జాతి కోడి సుమారు 900 గ్రాములు తూగింది. కొత్త జాతి కోడి 4 కిలోల 200 గ్రాములు తూగింది. అంత వేగంగా పెరిగే శరీరాన్ని లేత కాళ్లు మోయలేవు. గుండె కూడా అలసిపోతుంది. వేసవిలో షెడ్డు వేడెక్కితే గుంపులు గుంపులుగా చనిపోతాయి. ఐదారు వారాలకే వాటి బతుకు ముగుస్తుంది.

ఆ చివరి ప్రయాణాన్ని మీరూ చూసే ఉంటారు. సైకిలు హాండిలుకూ, మోటారు సైకిలు వెనుకా కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసిన కోళ్ల గుత్తులు మన వీధుల్లో కనిపిస్తూనే ఉంటాయి. చూసి చూసి అలవాటుపడి మనం దానిని చూడడమే మానేశాం.

పశుపక్ష్యాదులకు మనవలె బాధ తెలుస్తుందా అని కొందరికి సందేహం కలగవచ్చు. నొప్పిని గుర్తించే నాడులు కోడికి ఉన్నాయి. భయపడినప్పుడు దాని గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే రచయిత్రి 1964లో ‘యానిమల్ మెషీన్స్’ అనే పుస్తకం రాసి, ఫారాల్లోని జీవాలను యంత్రాలవలె చూస్తున్నారని లోకానికి తెలియజేశారు. ప్రజల్లో కలిగిన సంచలనం వల్ల ప్రభుత్వం బ్రాంబెల్ అనే ఆచార్యుని అధ్యక్షతన సంఘాన్ని వేసింది. జంతువుకు లేచి నిలబడడానికి, పడుకోవడానికి, అటూ ఇటూ తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాపుకోవడానికి వీలుండాలని ఆ సంఘం 1965లో చెప్పింది. ఇదే క్రమంగా ‘ఐదు స్వేచ్ఛలు’గా రూపొందింది. ఆకలిదప్పులు లేకపోవడం, వసతి లోపం లేకపోవడం, నొప్పి, గాయం, జబ్బుల నుంచి రక్షణ, తన స్వభావానికి తగినట్లు మెలిగే వీలు, భయం, దిగులు లేకపోవడం అనేవి ఆ ఐదు.

మన దేశం ఈ విషయంలో వెనుకబడి ఉండలేదు. మద్రాసులో కళాక్షేత్రాన్ని స్థాపించిన నృత్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు జంతువుల రక్షణకు ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇవ్వగా ఆమె దానిని విరమించుకున్నారు. ఆ విధంగా 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. కదలడానికి చాలినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని దాని 11వ సెక్షను చెబుతున్నది. కాని మొదటిసారి నేరం చేసినవారికి ఆ చట్టం నిర్ణయించిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు మాత్రమే. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో ప్రాణుల పట్ల కరుణ చూపడం ఒకటి. కోళ్ల వసతిపైనా, రవాణాపైనా న్యాయ కమిషన్ 2017లో తన 269వ నివేదికలో ముసాయిదా నియమాలను ప్రభుత్వానికి సమర్పించింది. ఐరోపా సమాఖ్య దేశాలు 2012 జనవరి నుంచి వట్టి తీగల బోనులను నిషేధించాయి. మగ కోడిపిల్లలను చంపడాన్ని జర్మనీ 2022లో నిషేధించింది.

కరుణ కోడికే మేలు చేస్తుందనుకోవడం పొరపాటు. ఇరుకులో రోగం నిప్పులా పాకుతుంది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు లక్షల కోళ్లను చంపవలసి వచ్చింది. ఎందరో రైతులు నష్టపోయారు. రోగం రాకముందే దాణాలో మందులు కలిపితే, వాటికి లొంగని సూక్ష్మక్రిములు పుట్టి మనుషులకూ ముప్పు తెస్తాయి. మనుషుల ప్రాణాలు నిలిపే చివరి అస్త్రం వంటి కొలిస్టిన్ మందును పశువులకూ, కోళ్లకూ వాడరాదని 2019లో ప్రభుత్వం నిషేధించింది.

మరి తప్పు రైతుదా? దాణాకే ఖర్చులో పెద్ద భాగం పోతుంది. గుడ్డు ధర పది పైసలు తగ్గినా అతడి ఇల్లు తడబడుతుంది. బోను తీసేసి చోటు పెంచమంటే ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. చవకగా కావాలని అడిగే మనకూ అందులో వాటా ఉంది. పెరటి పెంపకానికి తగిన జాతులూ వచ్చాయి. బెంగళూరులో రూపొందిన గిరిరాజ, హైదరాబాదులో రూపొందిన వనరాజ అటువంటివే. దేశమంతటికీ అవే చాలకపోవచ్చు. కాని బోనుకు బదులు నేల, గూడు, దుమ్ము ఉన్న షెడ్లలోనూ కోళ్లను పెంచవచ్చు.

మాంసం తినాలా వద్దా అన్నది ఇంటింటి ఆచారాన్ని బట్టి, ఎవరి ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఒకరి తిండిని మరొకరు ఎగతాళి చేయరాదు. కాని తినేవారైనా తిననివారైనా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. చంపక తప్పదనుకున్న ప్రాణిని కూడా బతికినంత కాలం బాధపెట్టే హక్కు మనకు లేదు.

ఈసారి మీ వీధిలో కోళ్లను తలకిందులుగా వేలాడదీసి తీసుకొనిపోతుంటే ఒక్క క్షణం నిలిచి చూడండి. గంపలో గాని బుట్టలో గాని పెట్టి తీసుకొని వెళ్లమని మర్యాదగా అడగండి. మీ ఇంట కోళ్లుంటే వేసవిలో నీడా, నీళ్లూ ఉన్నాయేమో చూసుకోండి. నోరులేని జీవి తన కష్టం చెప్పుకోలేదు. దానిని చూసినవారే దాని తరఫున మాట్లాడాలి.