నెత్తిమీది రాచపుండు

తిరువూరు ప్రాంతపు పెనుగొలను వంటి పల్లెలలో ఎండన పనిచేసే రైతు తలపాగా చుట్టుకొనేది వడదెబ్బ తగులకుండుటకు. ఆ గుడ్డ మరొక మేలుకూడ చేస్తున్నది. సూర్యకాంతిలో కంటికి కానరాని అతినీలలోహిత కిరణాలున్నవి. అవి చర్మకణాలలోని డి.ఎన్.ఏ. అణువును దెబ్బతీస్తాయి. కణం ఆ లోపాన్ని చాలవరకు సరిదిద్దుకొంటుంది. సరిపడని లోపాలు ఏండ్లతరబడి పోగుపడితే కణం అదుపుతప్పి విభజన చెందుతూ పోతుంది. ఇదే చర్మపు రాచపుండు, అనగా కేన్సర్.

మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఈ కిరణాలను చాలవరకు పీల్చుకొంటుంది. కనుకనే తెల్లజాతులవారికంటె మనకు ఈ వ్యాధి అరుదు. అరుదేగాని అసలు లేకపోలేదు. బట్టతలవారికి జుట్టునీడ లేదు. అంతేకాక, చిన్ననాడు కాలిన మచ్చపై ఎన్నో ఏండ్ల తరువాత పుండు లేచి రాచపుండుగా మారవచ్చును. ఫ్రెంచి వైద్యుడు మార్జొలిన్ పేరిట ప్రసిద్ధమైన ఈ పుండుకు కారణం ఎండ కాదు గనుక, మేనిరంగు దీనికి అడ్డు కాజాలదు.

చర్మపు రాచపుండ్లలో ముఖ్యమైనవి మూడు. బేసల్ కణాలలో పుట్టేది మెల్లగా పెరుగుతుంది, దూరావయవాలకు పాకుట బహు అరుదు. స్క్వేమస్ కణాలది మెడ గ్రంథులకు పాకవచ్చును. రంగుకణాలలో పుట్టే మెలనోమా అన్నింటికంటె ప్రమాదకరం.

జుట్టుచాటున ఉండుటచే నెత్తిమీది పుండు రోగి కంటబడదు. ముందుగా చూసేది తల దువ్వేవారో, క్షురకుడో! నెలరోజులైనా మానని పుండు, ముట్టుకొంటే నెత్తురు చిమ్మే గడ్డ, రంగో ఆకారమో మారుతున్న పుట్టుమచ్చ కనబడితే వైద్యునికి చూపవలెను. ఆయన స్పర్శ పోగొట్టే సూదిమందు ఇచ్చి చిన్న ముక్క తీస్తాడు. దానిని సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తేనే వ్యాధి నిర్ధారణ అవుతుంది. ఈ పరీక్షనే బయాప్సీ అంటారు. కత్తి తగిలితే రాచపుండు పాకుతుందని కొందరు జంకుతారు. అసలు ప్రమాదం ఆ జంకుతో జరిగే ఆలస్యంలోనే ఉన్నది.

ముఖ్యచికిత్స శస్త్రచికిత్సయే. పుండును దాని చుట్టూ కొంత మంచి చర్మంతోసహా కోసివేస్తారు. అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ 1930 దశకంలో ప్రారంభించిన పద్ధతిలో, కోసిన పొర అంచులలో రోగకణాలు మిగిలినవేమో సూక్ష్మదర్శినితో చూస్తూ, మిగిలినచోటనే మరల కోస్తారు. నెత్తిచర్మం క్రింద బిగువైన పొర ఉన్నందున అది సులభంగా సాగదు. కనుక పెద్ద గాయాన్ని ప్రక్కచర్మం జరిపి గాని, తొడచర్మం అతికి గాని కప్పుతారు. ఎముకపైని పలుచని పొర మిగిలియుంటేనే అతుకుకు రక్తం అంది నిలుస్తుంది. పుండు ఎముకదాక పోకముందే రావలెననుటకు ఇదొక కారణం. శస్త్రచికిత్సకు తాళలేనివారికి కిరణచికిత్స ఉన్నది. పాకిన మెలనోమాకు, శరీరపు రక్షణశక్తిని మేల్కొలిపే మందులు వాడుకలోకి వచ్చినవి.

హైదరాబాదులో 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ కేన్సర్ ఆస్పత్రివంటి సంస్థలలో ఇట్టి చికిత్సలు లభిస్తున్నవి. మానని పుండుపై పసర్లు పూస్తూ నెలలు గడపక, చిన్నదిగా ఉన్నప్పుడే చూపించుకొంటే చాలమందికి పూర్తిగా నయమవుతుంది.