టాంగో నృత్యము: కట్టుబాటు, కల్పన

అర్జెంటీనా, ఉరుగ్వే దేశముల నడుమనున్న లా ప్లాటా నదీతీరమున 19వ శతాబ్ది చివరిభాగమున టాంగో నృత్యము పుట్టినది. బ్యూనస్ ఎయిర్స్, మాంటివీడియో రేవు పట్టణములలో ఐరోపా వలసదారులును, ఆఫ్రికా సంతతివారును, స్థానికులును కలసి బ్రతికిన పేదవాడలే దాని పుట్టినిండ్లు. పలు జాతుల కలయికచే జనించిన యీ కళలో ప్రాత యెంత, క్రొత్త యెంత యుండవలెనను వాదము నేటికిని తెగలేదు.

టాంగోలో ముందుగా కూర్చిపెట్టిన అడుగుల వరుస యుండదు. జంట కౌగిలిలో నిలిచి, సంగీతమును వినుచు, అప్పటికప్పుడు అడుగులు కల్పించుకొనును. ఒకరు సూచింతురు, వేరొకరు గ్రహించి బదులిత్తురు. జంటలన్నియు గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా, ఒకరికొకరు అడ్డుపడక, వలయముగా సాగవలెను. ఆశుకవికి ఛందస్సు ఎట్టిదో నర్తకులకీ కట్టుబాటు అట్టిది. అది కల్పనకు సంకెల గాదు, ఊతకోల.

సుమారు 1935 మొదలు 1955 వరకు టాంగోకు స్వర్ణయుగము. 1955లో సైనిక తిరుగుబాటుచే పెరాన్ ప్రభుత్వము కూలిన పిదప నృత్యశాలలు పలుచబడినవి. యువజనులు రాక్ సంగీతమువైపు మరలిరి. నేర్పువారు వృద్ధులైరి, నేర్చువారు కరవైరి. 1983లో పారిస్ నగరమున ‘టాంగో అర్జెంటీనో’ ప్రదర్శనము జరిగిన తరువాత ఆ కళకు మరల ఆదరము కలిగినది.

1990వ దశకమున గుస్తావో నవేరా, ఫాబియాన్ సాలాస్ మున్నగువారు ప్రాత విన్యాసములను విడదీసి పరిశీలించిరి. పూర్వులేమి చేసిరని మాత్రమే గాక, అది యెట్లు సాధ్యమైనదని ప్రశ్నించిరి. దేహభారము ఏ కాలిపై నున్నది, ఎవరి చుట్టు ఎవరు తిరుగుచున్నారు అను లెక్క తేలగానే, పూర్వులు త్రొక్కని అడుగులు వారికి గోచరించినవి. ప్రాతను త్రోసిపుచ్చుటచే గాక, లోతుగా చదువుటచే క్రొత్త పుట్టినది.

సంప్రదాయవాదులు దీనిని ఆక్షేపింపకపోలేదు. కౌగిలి సడలినచో టాంగో టాంగో కాదనియు, కాలు పైకెత్తి విసరినచో క్రిక్కిరిసిన శాలలో పొరుగుజంటకు దెబ్బ తగులుననియు వారి వాదము. అందు న్యాయమున్నది. 2003లో బ్యూనస్ ఎయిర్స్‌లో మొదలైన ప్రపంచపోటీలలో శాలానృత్యము, రంగస్థలనృత్యము వేర్వేరు విభాగములు. మొదటిదానిలో సంగీతము సాగినంతసేపు జంట విడివడరాదు. రెండవదానిలో స్వేచ్ఛ హెచ్చు.

జంటను మరచిన నవ్యత వ్యాయామము. సంగీతమును వినని సంప్రదాయము వల్లెవేత. అడుగుతోబాటు దాని కారణమును గూడ చెప్పిన గురువే శిష్యునికి రెండిటిని అందింపగలడు.