సింహాసనం ఒకరిది – అధికారం ఇంకొకరిది

చరిత్ర పరీక్షకు కూర్చునే ప్రతి విద్యార్థికీ రాజుల పేర్లు, వారి పాలనా కాలాలు కంఠస్థం చేయడం తప్పదు. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడు, ఎప్పుడు దిగిపోయాడు అని రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ రెండు తేదీల మధ్య రాజ్యాన్ని నిజంగా నడిపింది ఎవరు? ఈ ప్రశ్న పరీక్ష పేపర్లో సాధారణంగా కనిపించదు.

ఎం.ఏ.లో మేము చదువుకున్న పాఠాల్లో జపాన్ చరిత్రలోని ఒక అధ్యాయం మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. అక్కడ ఒక కాలంలో చక్రవర్తి గద్దె మీద ఉన్నన్నాళ్ళూ పూజలు, ఉత్సవాలు జరిపించేవాడు. గద్దె దిగి సన్యాసం పుచ్చుకున్నాక పరిపాలన మొదలుపెట్టేవాడు! వింతగా అనిపించినా ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. మన కూచిపూడి పేరు చరిత్రలో గట్టిగా వినిపించే సందర్భాలు రెండు. ఆ రెండింటి వెనకా ఇలాంటి కథే ఉంది. ముందు జపాన్ సంగతి చూసి, తర్వాత మన ఊరికి వద్దాం.

జపాన్‌లో గద్దె దిగిన చక్రవర్తులు

జపాన్ రాజధాని 794లో నేటి క్యోటో నగరానికి మారింది. అప్పటి నుంచి సుమారు నాలుగు వందల ఏళ్ళను హేయాన్ యుగం అంటారు. ఈ కాలంలో ఫుజివారా అనే ప్రభువుల వంశం ఒక ఉపాయం పన్నింది. తమ ఆడపిల్లలను చక్రవర్తులకిచ్చి పెళ్ళి చేసేది. పుట్టిన మగపిల్లవాడిని చిన్నతనంలోనే గద్దె మీద కూర్చోబెట్టేది. పసివాడు పాలించలేడు కాబట్టి తల్లి తరఫు తాతగారే రాజప్రతినిధి. పిల్లవాడు పెద్దవాడై ఎదురుతిరిగేలోపు అతన్ని దింపి ఇంకొక పసివాణ్ణి ఎక్కించేవారు. ఫుజివారా మిచినాగా అనే ఆయన తన నలుగురు కూతుళ్ళను చక్రవర్తులకిచ్చాడు. ముగ్గురు చక్రవర్తులకు తాతగారయ్యాడు. ఆయన మాత్రం ఏనాడూ చక్రవర్తి కాలేదు. కావలసిన అవసరమూ రాలేదు.

1068లో గద్దెనెక్కిన గో సాంజో చక్రవర్తి తల్లి ఫుజివారా ఇంటి ఆడపడుచు కాదు, రాజకుమార్తె. దాంతో ఆ వంశం పట్టు సడలింది. ఆయన కొడుకు షిరకావా ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 1086లో తానే గద్దె దిగి, ఎనిమిదేళ్ళయినా నిండని కొడుకును కూర్చోబెట్టాడు. 1096లో గుండు చేయించుకుని బౌద్ధ సన్యాసి అయ్యాడు. అయితే ఆయన సర్వం త్యజించి అడవులకు పోలేదు. తన విశ్రాంత భవనంలో సొంత కచేరీ పెట్టాడు, సొంత గుమాస్తాలను పెట్టుకున్నాడు, సొంత కావలి భటులను చేర్చుకున్నాడు. పన్ను మినహాయింపు ఉన్న భూములను తన కింద కూడబెట్టాడు. కొడుకు, మనవడు, మునిమనవడు ఒకరి తర్వాత ఒకరు చక్రవర్తులయ్యారు. 1129లో చనిపోయేదాకా, అంటే 43 ఏళ్ళపాటు, షిరకావా మాటే చెల్లింది. ఈ పద్ధతిని జపాన్ వారు ‘ఇన్‌సే’ అంటారు. ‘ఇన్’ అంటే గద్దె దిగిన చక్రవర్తి ఉండే భవనం. ఆ భవనం నుంచి సాగే పాలన కాబట్టి ఆ పేరు.

గద్దె మీద ఉన్న చక్రవర్తికి ఏడాది పొడవునా పూజలు, ఆచారాలు, కట్టుబాట్లు. దిగినవాడికి ఆ సంకెళ్ళేవీ లేవు. పైగా పసి చక్రవర్తికి పెద్దదిక్కు ఎవరన్న దగ్గరే అంతా ఉంది. ఇదివరకు తల్లి తండ్రి చేసిన పనిని ఇప్పుడు కన్నతండ్రి చేస్తున్నాడు. ఆ స్థానంలోకి వచ్చిన మనిషి మారాడే గాని, గద్దె మీద పసివాణ్ణి పెట్టి వెనక నుంచి నడిపే పద్ధతి మారలేదు.

భాగవతుల మొర విన్నది ఎవరు?

ఇక మన ఊరికి వద్దాం. మాచుపల్లి కైఫియత్తులో కూచిపూడి భాగవతుల ప్రస్తావన ఉంది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అనే పాలకుడు పన్నుల కోసం స్త్రీలను ఘోరంగా హింసించేవాడు. ఆ ప్రాంతానికి వెళ్ళిన భాగవతులు అది కళ్ళారా చూశారు. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట ప్రదర్శన ఇచ్చి, ఆ అకృత్యాలనే వేషం కట్టి ఆడి చూపారు. సంగతి గ్రహించిన రాయలు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడు. అర్జీ రాసుకునే దారి లేని జనం బాధను కళాకారులు ఆట రూపంలో అధికారం ముందుకు తీసుకుపోయారు. ఈ విషయంలో మన ఊరు గర్వపడవచ్చు.

మరి ఆ వీరనరసింహరాయలకు అధికారం ఎలా వచ్చింది? 1491లో సాళువ నరసింహరాయలు చనిపోతూ తన ఇద్దరు కొడుకులను సేనాని తుళువ నరసనాయకుని చేతుల్లో పెట్టాడు. పెద్దవాడు కొద్దికాలానికే హత్యకు గురయ్యాడు. రెండవవాడు ఇమ్మడి నరసింహుడు రాజయ్యాడు. నరసనాయకుడు అతన్ని పెనుకొండలో కాపలా మధ్య ఉంచి రాజ్యం తానే ఏలాడు. 1503లో నరసనాయకుడు మరణిస్తే ఆ పెత్తనం కొడుకు వీరనరసింహునికి వారసత్వంగా వచ్చింది. 1505లో ఇమ్మడి నరసింహుడు హత్యకు గురయ్యాడు, వీరనరసింహుడు రాజయ్యాడు. 1509లో గద్దెనెక్కిన శ్రీకృష్ణదేవరాయలు ఈయన తమ్ముడే. పద్నాలుగేళ్ళు రాజు అనిపించుకున్న ఇమ్మడి నరసింహుని పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు?

ఏడాదికి ఒక్కసారి కనిపించే రాజు

ఇదే కథ విజయనగరంలో మళ్ళీ నడిచింది. 1542లో అచ్యుతదేవరాయలు మరణించాక వారసత్వ కలహాలు చెలరేగాయి. చివరికి శ్రీకృష్ణదేవరాయల అల్లుడు అళియ రామరాయలు గెలిచి, రాజవంశానికి చెందిన సదాశివరాయలను గద్దె మీద కూర్చోబెట్టాడు. శాసనాలు సదాశివుని పేరనే వెలువడ్డాయి. పాలన రామరాయలది, అతని తమ్ముళ్ళు తిరుమల, వెంకటాద్రులది. తళ్ళికోట యుద్ధం తర్వాత 1567లో విజయనగరాన్ని చూసిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, ఈ అన్నదమ్ములు అసలు రాజును బందీగా ఉంచి ఏడాదికి ఒక్కసారి ప్రజలకు చూపేవారని రాశాడు.

బలమంతా తన దగ్గరే ఉంటే ఆ ఒక్కసారి మాత్రం చూపడం ఎందుకు? ఇక్కడే కాస్త నిదానించి ఆలోచించాలి. సామంతులు, ప్రజలు తల వంచేది రాజవంశం పేరుకు. ఆ పేరు లేకపోతే రామరాయలు కూడా నలుగురు సేనానుల్లో ఒకడే. పంజరంలో పెట్టినా పక్షిని బతికించుకోవాల్సిందే. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు తల పోగొట్టుకున్నాడు. తమ్ముడు తిరుమల పెనుకొండకు తరలిపోతూ ఖజానాతోపాటు సదాశివరాయలను కూడా వెంట తీసుకుపోయాడు. అప్పటికీ ఆ పేరు అవసరం తీరలేదన్నమాట.

మఠం నుంచి గద్దెకు

కూచిపూడి పేరు వినిపించే రెండో సందర్భం తానీషాది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా మచిలీపట్నం వైపు వచ్చినప్పుడు భాగవతుల ఆట చూసి, మెచ్చి, ఈ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని ఇక్కడి సంప్రదాయ కథనం. 1678 నాటి మాటగా దాన్ని చెప్పుకుంటారు. దానం ఇచ్చినవాడి పేరు, పుచ్చుకున్న కుటుంబాల ఇంటిపేర్లు మనకు తెలుసు. ఆ పొలాలు దున్నినవారి పేర్లు మాత్రం ఆ కథలో వినబడవు.

తానీషా కథ జపాన్ కథకు సరిగ్గా తిరగేసినట్టుంటుంది. షిరకావా గద్దె దిగి సన్యాసి అయితే, తానీషా ఫకీరు సన్నిధి నుంచి గద్దెకు వచ్చాడు. షా రాజు అనే సూఫీ గురువు దగ్గర ఏళ్ళ తరబడి శిష్యరికం చేసిన అతన్ని అబ్దుల్లా కుతుబ్‌షా మూడో అల్లుడిగా చేసుకున్నాడు. ఆ అబ్దుల్లా కూడా 1626లో బాలుడిగానే గద్దెనెక్కాడు. అంతఃపురంలో ఉండే తల్లి హయాత్ బక్షీ బేగం చాలాకాలం రాజ్య వ్యవహారాలు చూసింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడిస్తే సంధి మాటలకు వెళ్ళింది కూడా ఆమే. హైదరాబాదు పక్కన ఉన్న హయాత్‌నగర్ ఆమె పేరు మీదిదే.

1672లో అబ్దుల్లా చనిపోయాక, సేనాని సయ్యద్ ముజఫర్ అండతో తానీషా సుల్తాను అయ్యాడు. ముజఫర్ తానే ప్రధానమంత్రి పదవి, అంటే మీర్ జుమ్లా పదవి, తీసుకున్నాడు. దర్గా నుంచి వచ్చిన ఈ సాధువు తన చెప్పుచేతల్లో ఉంటాడనుకున్నాడు. అలా జరగలేదు. ముజఫర్ దగ్గర లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు చూసే మాదన్నను తానీషా తనవైపు తిప్పుకున్నాడు. మాదన్న ముజఫర్ కింది అధికారులను ఒక్కొక్కరినే సుల్తాను వైపుకు తెచ్చాడు. ఒకనాటికి ముజఫర్ చుట్టూ చూసుకుంటే తనవాళ్ళు లేరు. పెద్ద యుద్ధమేమీ లేకుండానే పదవి పోయింది. మాదన్న మీర్ జుమ్లా అయ్యాడు, అన్న అక్కన్నకూ పెద్ద పదవి దక్కింది. విజయవాడలో ఇంద్రకీలాద్రి కింద మనం చూసే అక్కన్న మాదన్న గుహలు వీరికన్నా వెయ్యేళ్ళు పాతవి. అయినా జనం నోట వీరి పేరే నిలిచింది. వీరి అధికారం ఎంత దూరం వ్యాపించిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కానీ ఆ అన్నదమ్ములది కూడా వెనక నుంచి నడిపే అధికారమే. మొగలుల దాడి ముంచుకొచ్చినప్పుడు తప్పంతా వారి మీదే పడింది. 1686లో ఇద్దరినీ గోల్కొండ వీధిలో నరికి చంపారు. మరుసటి ఏడాది ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయింది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా మిగిలిన జీవితం గడిపాడు.

మనం అడగవలసిన మూడు ప్రశ్నలు

ఈ కథలన్నీ కలిపి చూస్తే అధికారం ఎక్కడుందో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. రాతకోతలు, ముద్ర ఎవరి చేతిలో ఉన్నాయి? ఖజానా తాళం ఎవరి దగ్గర ఉంది? ఆయుధం పట్టినవారు ఎవరి మాట వింటారు? షిరకావా కచేరీని, భూములను, భటులను మూడింటినీ తన భవనానికి తెచ్చుకున్నాడు. అతని వారసుల నాటికి మూడోది చేజారింది. 1156లో రాజకుటుంబంలో తగాదా వస్తే ఇరుపక్షాలూ సమురాయ్ యోధులను పిలిచాయి. పిలిచినవారు తిరిగి వెళ్ళలేదు. 1192లో మినమోతో యోరితోమో షోగన్ అయ్యాడు. 1221లో గద్దె దిగిన చక్రవర్తి గో తోబా ఆ యోధుల మీద తిరగబడి ఓడి, ఒక దీవికి ప్రవాసం పోయాడు.

మిత్రులారా, ఇదంతా రాజుల కాలంతో పోయిందనుకుంటే పొరపాటు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. జనాభా ప్రకారం దళితులకు, గిరిజనులకు, మూడో వంతుకు తగ్గకుండా మహిళలకు పంచాయతీల్లో స్థానాలు దక్కాయి. మన వాడల నుంచి సర్పంచులు వచ్చారు. నిబ్బరంగా పాలించినవారూ ఉన్నారు. కానీ కుర్చీలో మన అక్కో, వదినో కూర్చుంటే తీర్మానాల పుస్తకం ఇంకొకరి ఇంట్లో, చెక్కుబుక్కు వేరొకరి జేబులో ఉన్న ఊళ్ళూ ఉన్నాయి. అక్కడ ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసేటప్పుడు మాత్రమే సర్పంచి కనిపిస్తుంది. అది సదాశివరాయల దర్శనమే.

రాజకీయాల్లో సమానత్వం వచ్చినా సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత కొనసాగితే ఆ వైరుధ్యం ప్రజాస్వామ్యాన్నే దెబ్బతీస్తుందని 1949 నవంబరులో రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ హెచ్చరించారు. ఆ మాట అర్థం చేసుకోవడానికి ఈ చరిత్ర బాగా పనికొస్తుంది.

అయితే నిరాశపడవలసిన పని లేదు. ఉత్త పేరుకే విలువ లేదంటే రామరాయలు సదాశివుణ్ణి అన్నేళ్ళు పోషించేవాడు కాదు. మన సంతకం కోసం ఎవరైనా కాగితం పట్టుకుని వస్తున్నారంటే, ఆ సంతకం లేనిదే వాళ్ళ పని జరగదని అర్థం. ఇమ్మడి నరసింహుడు, తానీషా ఇద్దరూ ఇంకొకరి అండతో రాజులయినవారే. మొదటివాడికి బయటి మనిషితో మాట్లాడే వీలే లేదు. రెండోవాడు కాగితాలు తెలిసిన మనిషిని పక్కన పెట్టుకున్నాడు, పేరును అధికారంగా మార్చుకున్నాడు.

మన ఇళ్ళల్లో ఆ కాగితాలు తెలిసిన మనిషి ఎవరు? మనమే. మా ఇంట్లో వేలిముద్ర దాటి డిగ్రీ దాకా వచ్చినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. ఇక్కడ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళలో చాలామందిదీ అదే పరిస్థితి. సెలవులకు ఊరెళ్ళినప్పుడు అమ్మ ముందుకో, అత్త ముందుకో కాగితం వస్తే ఒక్క నిమిషం ఆపి పైకి చదివి వినిపించండి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దని చెప్పండి. పాసుపుస్తకం, తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గరున్నాయో అడగండి. హాస్టల్ మెస్ కమిటీలో సభ్యులైతే సరుకులు తూకం చూశాకే రిజిస్టరులో సంతకం పెట్టండి. అధికారం అనే పెద్ద పాఠానికి ఇవి ఓనమాలు.